ఇంట్లో సర్వర్, ఫోను చేతిలో గడియ

2025 మే నెలలో జర్మనీకి చెందిన నెక్స్ట్‌క్లౌడ్ సంస్థ తన గోడును బహిరంగంగా చెప్పుకుంది. ఫోనులోని ఫైళ్లను ఎవరి సొంత సర్వర్‌కు (ఇంట్లో ఎప్పుడూ నడుస్తూ ఫైళ్లు దాచే కంప్యూటరుకు) వారు చేరవేసుకునేందుకు ఆ సంస్థ ఒక ఆండ్రాయిడ్ యాప్ ఇస్తోంది. అన్ని రకాల ఫైళ్లనూ చదివే అనుమతి ఆ యాప్‌కు ఏళ్ల తరబడి ఉంది. 2024లో గూగుల్ ప్లే స్టోర్ ఆ అనుమతిని తీసేసింది. అప్పటి నుంచి ప్లే స్టోర్ ద్వారా యాప్ వేసుకున్నవారి ఫోన్ల నుంచి ఫొటోలు, వీడియోలు మాత్రమే వాటంతట అవి సర్వర్‌కు వెళ్లాయి. పీడీఎఫ్‌లు, ఇతర పత్రాలు ఫోనులోనే ఆగిపోయాయి. ఎఫ్‌-డ్రాయిడ్ అనే మరో యాప్ స్టోర్ నుంచి అదే యాప్‌ను వేసుకున్నవారికి ఈ బెడద తగల్లేదు. విషయం పత్రికలకెక్కాక గూగుల్ ఆ అనుమతిని తిరిగి ఇస్తామంది.

ఈ ఉదంతాన్ని కాస్త నిదానంగా చూడాలి. సర్వర్ వాడుకరి ఇంట్లోనే ఉంది. డిస్కు అతని డబ్బుతో కొన్నది. సాఫ్ట్‌వేర్ మూలం (సోర్స్ కోడ్) అందరికీ తెరిచి ఉన్నదే. అయినా అతని ఫోనులోని భూమి పత్రం నకలు అతని డిస్కు మీదికి చేరాలా వద్దా అన్నది ఇంకొకరు తేల్చారు. సొంత సర్వర్ ప్రస్తావన వస్తే చర్చంతా ఏ పెట్టె కొనాలి, ఏ సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి అన్న చోటే తిరుగుతుంది. ఆ ప్రశ్నలకు జవాబులు దొరకడం ఈ రోజుల్లో కష్టమేమీ కాదు. అసలు చిక్కు ఫోను గుమ్మం దగ్గర ఉంది. ఏ సమాచారం ఎప్పుడు, ఏ రూపంలో గడప దాటాలో ఫోను నిర్ణయిస్తుంది. ఆ గుమ్మం తీరు తెలియకుండా సర్వర్ పెట్టుకున్నవారు కొన్ని నెలల తర్వాత సగం ఖాళీ ఫోల్డర్లు చూసి నిరుత్సాహపడతారు.

ఇంత శ్రమ ఎందుకని అడిగేవారికి గత పదేళ్ల చరిత్రే జవాబు. 2015 మేలో గూగుల్ ఫొటోస్ వచ్చినప్పుడు, నాణ్యత కాస్త తగ్గించి ఎన్ని ఫొటోలైనా ఉచితంగా దాచుకోవచ్చని చెప్పారు. 2020 నవంబరులో ఆ మాట మారింది. 2021 జూన్ 1 నుంచి ఎక్కించిన దాదాపు ప్రతి ఫొటో 15 జీబీ లెక్కలోకి వచ్చింది. జీమెయిల్, డ్రైవ్ కూడా ఆ 15 జీబీలోనే సర్దుకోవాలి. 2023 డిసెంబరు నుంచి ఆండ్రాయిడ్ ఫోన్ల వాట్సాప్ బ్యాకప్ కూడా క్రమంగా అదే కోటాలోకి చేరింది. నాలుగు బంధువుల గ్రూపులు, రెండు బడి స్నేహితుల గ్రూపులు ఉన్న ఫోనులో ఆ 15 జీబీ ఎన్నాళ్లు సరిపోతుందో వేరే చెప్పనక్కర్లేదు.

జాగా చాలకపోతే డబ్బు కట్టి తీసుకోవచ్చు, అది పెద్ద సంగతి కాదు. ఖాతాయే పోతే ఏమిటన్నది పెద్ద సంగతి. అమెరికాలో శాన్ ఫ్రాన్సిస్కోకు చెందిన ఒక తండ్రి అనుభవాన్ని 2022 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్ ప్రచురించింది. పసివాడికి వచ్చిన ఇన్‌ఫెక్షన్‌ను డాక్టరుకు చూపించడానికి తీసిన ఫొటోలను గూగుల్ యంత్రాంగం పిల్లల మీద అఘాయిత్యంగా గుర్తించి అతని ఖాతాను మూసేసింది. పోలీసులు విచారించి నేరమేదీ లేదని తేల్చారు. అయినా ఖాతా తిరిగి రాలేదు. ఏళ్ల నాటి ఉత్తరాలు, ఫొటోలు, చివరికి ఫోను నంబరు కూడా పోయాయి. కోట్లాది ఖాతాల్లో ఇలాంటిది అరుదే కావచ్చు. కానీ మనవి అనుకున్న జ్ఞాపకాలన్నీ అప్పీలు చేసినా తిరిగొస్తాయన్న భరోసా లేని చోట ఉన్నాయని ఈ ఒక్క ఘటన చాలినంత స్పష్టంగా చెప్పింది. సొంత సర్వర్ ఆలోచనకు ఇంతకంటే బలమైన కారణం వెతకనవసరం లేదు.

సింక్ అనే మాట కింద మూడు పనులు

ఫోనును సర్వర్‌తో సింక్ చేయడం అంటాం. ఆ ఒక్క మాట కింద స్వభావంలో పొంతన లేని మూడు పనులు ఉన్నాయి. వీటిని కలగాపులగం చేసుకుంటే ఫొటోలు పోగొట్టుకునే ప్రమాదం ఉంది.

మొదటిది ఒకవైపు పంపకం. ఫోనులో తీసిన ఫొటో సర్వర్‌కు వెళుతుంది, అంతే. ఆ తర్వాత ఫోనులో దాన్ని చెరిపేసినా సర్వర్‌లోది అలాగే ఉంటుంది. నెక్స్ట్‌క్లౌడ్ యాప్‌లోని ఆటో అప్‌లోడ్ ఈ కోవలోది. 2022లో అలెక్స్ ట్రాన్ మొదలుపెట్టిన ఇమిచ్ అనే ఫొటోల సాఫ్ట్‌వేర్ కూడా ముఖ్యంగా ఈ పనికే పుట్టింది. చాలాకాలం పాటు, దీన్నే ఏకైక నకలుగా నమ్ముకోవద్దని దాని నిర్మాతలే హెచ్చరిస్తూ వచ్చిన ఇమిచ్, 2025 అక్టోబరులో 2.0 సంచికతో స్థిరపడినట్టు ప్రకటించుకుంది. ఫొటోల వరకే చూసుకునే కుటుంబానికి ఇవాళ ఇదే సరైన మొదటి మెట్టు.

రెండోది ఇరువైపుల సింక్. ఇక్కడ ఫోను, సర్వర్ ఒకదానికొకటి అద్దాల వంటివి. స్వీడన్‌కు చెందిన యాకబ్ బోర్గ్ 2013లో విడుదల చేసిన సింక్‌థింగ్ అనే ప్రోగ్రాము ఈ తరహాలో అందరికంటే శుభ్రంగా పని చేస్తుంది. ప్రతి ఫైలునూ 128 కిలోబైట్ల నుంచి 16 మెగాబైట్ల దాకా ఉండే ముక్కలుగా చూసి, ఒక్కో ముక్కకు వేలిముద్ర వంటి సంఖ్యను లెక్కగడుతుంది. సంఖ్య మారిన ముక్కలే తీగ మీదికి ఎక్కుతాయి. మధ్యలో పెద్దన్న సర్వర్ అంటూ ఏదీ ఉండదు, పరికరాలన్నీ సమానమే. ఈ సమానత్వంలోనే ప్రమాదం కూడా ఉంది. ఫోను నిండిపోయిందని కెమెరా ఫోల్డర్‌ను ఖాళీ చేస్తే, ఆ చెరిపివేతను కూడా సింక్‌థింగ్ అంతే నమ్మకంగా సర్వర్‌కు మోసుకెళుతుంది. పంపడం మాత్రమే అని ఫోల్డర్ రకాన్ని మార్చినా ఇది ఆగదు, ఎందుకంటే చెరిపివేత కూడా పంపాల్సిన మార్పే. సర్వర్ వైపు పాత ప్రతులను దాచే ఏర్పాటును విడిగా ఆన్ చేసుకోవాలి. మొదట్లో అది ఆఫ్‌లోనే ఉంటుంది. సింక్‌థింగ్ పెట్టుకున్న రోజే, మరే పనికన్నా ముందు, ఈ ఒక్క మీటను నొక్కాలి.

ఒకే ఫైలును రెండు చోట్ల మారిస్తే ఏమవుతుంది? సింక్‌థింగ్ ఒకదాన్ని నిలబెట్టి, రెండోదాని పేరుకు ఘర్షణ అనే తోక, తేదీ తగిలించి పక్కన పెడుతుంది. ఎవరి మాట నెగ్గాలో అది ఊహించదు. ఫొటోలకు ఈ ఘర్షణలు దాదాపు రావు. పాస్‌వర్డ్‌ల ఫైలును, ఖర్చుల పట్టికను ఇద్దరు వాడే ఇంట్లో మాత్రం తరచూ వస్తాయి.

మూడోది చిట్టా సింక్. కాంటాక్టులు, క్యాలెండరు ఫైళ్లు కావు, చిన్న చిన్న నమోదులు. వీటికోసం 2007లో కాల్‌డావ్, 2011లో కార్డ్‌డావ్ అనే బహిరంగ ప్రమాణాలు వచ్చాయి. పనితీరు సరళంగా ఉంటుంది. సర్వర్ ప్రతిసారీ ఒక చీటీ ఇస్తుంది. మరుసటిసారి ఫోను ఆ చీటీ చూపించి, ఇది ఇచ్చిన తర్వాత మారినవేమిటని అడుగుతుంది. రెండు వేల నంబర్లున్న చిట్టాలో మారిన రెండే ప్రయాణం చేస్తాయి. ఐఫోన్‌లో ఈ రెండు ప్రమాణాలూ సెట్టింగుల్లోనే ఉన్నాయి. ఆండ్రాయిడ్‌లో లేవు, డావ్‌ఎక్స్5 వంటి యాప్ ఒకటి వేసుకోవాలి. అది వేసుకున్నాక మళ్లీ దాని ఊసే ఎత్తక్కర్లేనంత నిశ్శబ్దంగా పని చేస్తుంది. సొంత సర్వర్ ప్రపంచంలో నిజంగా పరిష్కారమైపోయిన సమస్య ఏదైనా ఉందంటే కాంటాక్టులదే.

గుమ్మం దగ్గర

ఇప్పుడు అసలు చిక్కు. పెళ్లి నుంచి రాత్రి పదకొండుకు ఇల్లు చేరిన మనిషిని ఊహించుకోండి. ఫోనులో నాలుగు వందల ఫొటోలు, ఇరవై వీడియోలు ఉన్నాయి. వైఫై అందుతోంది, సర్వర్ నడుస్తోంది. ఫోనును మంచం పక్కన పెట్టి పడుకుంటాడు. తెల్లవారి చూస్తే యాప్‌లో చివరి అప్‌లోడ్ నిన్న మధ్యాహ్నం అని ఉంటుంది. సర్వర్‌లో లోపం లేదు, యాప్‌లోనూ లేదు. ఫోను నిద్రపోయింది, తనతోపాటు యాప్‌నూ నిద్రపుచ్చింది.

2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6.0 నుంచి ఈ ఏర్పాటు ఉంది. ఛార్జింగ్‌లో లేకుండా, కదలకుండా, తెర ఆరిపోయి ఉన్న ఫోను కొంతసేపటికి యాప్‌లకు నెట్‌వర్క్‌ను ఆపేస్తుంది. మధ్యమధ్య కాసేపు తలుపు తీసి, పని ఉన్నవాళ్లను చేసుకోనిచ్చి మళ్లీ మూస్తుంది. ఆ విరామాలు పోనుపోను పెరుగుతాయి. మామూలు సమయంలో కూడా, ఒక పనిని క్రమం తప్పకుండా చేయాలని యాప్ కోరుకుంటే పదిహేను నిమిషాలకంటే తక్కువ వ్యవధి దొరకదు. బ్యాటరీని కాపాడటానికి ఇది అవసరమైన నియమమే, దాన్ని తప్పుపట్టలేం. అయితే కొన్ని తయారీ కంపెనీలు దీనిపైన తమ సొంత కత్తెర కూడా వేసి, తెర మీద కనిపించని యాప్‌ను పూర్తిగా చంపేస్తాయి. ఐఫోన్‌లో వెనుక నడిచే పనికి ఎప్పుడు అవకాశం ఇవ్వాలన్నది పూర్తిగా వ్యవస్థ ఇష్టం.

ఆండ్రాయిడ్‌లో మందు తెలిసినదే. ఆ ఒక్క యాప్‌ను బ్యాటరీ ఆదా పరిధి నుంచి తప్పించాలి, ఛార్జింగ్‌లో ఉన్నప్పుడే పంపమని చెప్పాలి. పడుకునే ముందు ఫోనును ఛార్జింగ్‌కు పెట్టే అలవాటున్న ఇంట్లో సింక్ చక్కగా సాగుతుంది. ఐఫోన్ వాడేవారు మాత్రం పెద్ద ప్రయాణం నుంచి వచ్చాక యాప్‌ను తెరిచి, అది పని ముగించేదాకా తెర మీద ఉంచడం మేలు.

గుమ్మం దగ్గర రెండో అడ్డు ఫైళ్లది. ఒక్కో యాప్ లోపలి గది ఇతర యాప్‌లకు మొదటి నుంచీ మూసే ఉంది. ఆండ్రాయిడ్ 10, 11 సంచికలతో 2019, 2020లలో ఉమ్మడి జాగాలో కూడా హద్దులు వచ్చాయి. ఒక యాప్ గదిలోకి మరో యాప్ తొంగిచూడలేదు. దొంగ యాప్‌ల నుంచి ఇది గొప్ప రక్షణ. అదే గోడ నిజాయితీగల సింక్ యాప్‌కూ అడ్డే. ఆటల్లో సాధించిన మెట్టు, నోట్స్ యాప్‌లోని రాతలు, బ్యాంకు యాప్ సెట్టింగులు వంటివి ఆ యాప్‌లు తమంతట బయటపెడితే తప్ప సర్వర్‌కు రావు. ఎస్సెమ్మెస్‌ల సంగతీ అంతే. 2018 అక్టోబరులో ప్రకటించిన నిబంధనలతో, మెసేజీలను, కాల్ చిట్టాను చదివే యాప్‌లకు ప్లే స్టోర్ కఠినమైన షరతులు పెట్టింది. కాబట్టి ఫోను మొత్తం సర్వర్‌లో ఉంది అని ఎవరైనా అంటే ఆ మాటను యథాతథంగా తీసుకోకూడదు. ఉన్నది ఫోను బయటపెట్టిన భాగం.

వాట్సాప్ ఈ గోడకు మధ్యలో నిలబడింది. ఆండ్రాయిడ్‌లో దాని ఫొటోలు, వీడియోలు, రోజూ తెల్లవారుజామున అది రాసుకునే సంభాషణల ప్రతి ఇతర యాప్‌లకు అందే ఫోల్డర్‌లోనే ఉంటాయి. ఆ ఫోల్డర్‌ను సర్వర్‌కు పంపవచ్చు. కానీ సంభాషణల ఫైలుకు తాళం వేసి ఉంటుంది. దాన్ని తిరిగి తెరవగలిగేది అదే నంబరుతో నడిచే వాట్సాప్ మాత్రమే. 2021లో వచ్చిన గుప్త బ్యాకప్‌ను ఎంచుకున్నవారు పాస్‌వర్డ్‌నో 64 అంకెల తాళాన్నో భద్రంగా రాసిపెట్టుకోవాలి. అది లేకుంటే సర్వర్‌లో ఉన్న ఫైలుకు విలువ సున్నా.

మూడో అడ్డు కంటికి కనిపించదు. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఫొటో లోపల దాగిన చోటు వివరాన్ని చదవడానికి యాప్‌కు ప్రత్యేక అనుమతి కావాలి. ఆ అనుమతి లేని యాప్‌కు ఫోను ఫొటోను ఇస్తుంది, చోటును చెరిపేసి ఇస్తుంది. అరకులో తీసిన ఫొటో సర్వర్‌కు చేరుతుంది, బొమ్మలో తేడా ఉండదు, కానీ అది అరకు అన్న సంగతి దారిలోనే రాలిపోతుంది. ఏళ్ల తర్వాత మ్యాపు మీద ఫొటోలు చూద్దామనుకున్న రోజున గాని ఇది బయటపడదు. అప్పటికి ఫోనులోని అసలు ప్రతి ఉండదు. కొత్తగా సింక్ మొదలుపెట్టినవారు మొదటి పది ఫొటోలను సర్వర్‌లో తెరిచి, తేదీ, చోటు సరిగా ఉన్నాయో లేదో ఒక్కసారి చూసుకోవాలి. ఐదు నిమిషాల పని.

ఈ నిబంధనల భారం యాప్‌లు రాసేవారి మీద ఎంతగా పడిందో సింక్‌థింగ్ కథ చెబుతుంది. దాని అధికారిక ఆండ్రాయిడ్ యాప్ 2024 డిసెంబరు సంచికతో ఆగిపోయింది. ప్లే స్టోర్‌లో కొత్త సంచికలు పెట్టడం కష్టమైందని, యాప్‌ను చూసుకునేవారు కరువయ్యారని నిర్వాహకుడు కారణాలు చెప్పాడు. కంప్యూటర్ల సింక్‌థింగ్‌కు ఏమీ కాలేదు. ఫోను వైపే దారి మూసుకుపోయింది. వేరేవారు ముందునుంచీ నడుపుతున్న మరో శాఖ ఉండబట్టి వాడుకరులు దానికి మారగలిగారు. మూలం తెరిచి ఉన్న సాఫ్ట్‌వేర్‌కు ఉన్న ఊపిరి ఇదే. 2016లో ఫ్రాంక్ కార్లిచెక్ ఓన్‌క్లౌడ్ అనే పాత సొంత సర్వర్ సాఫ్ట్‌వేర్ సంస్థ నుంచి బయటికొచ్చి నెక్స్ట్‌క్లౌడ్‌ను నిలబెట్టగలిగింది కూడా ఈ వెసులుబాటుతోనే.

తెలుగు పేర్ల తంటా

సింక్ గురించి ఇంగ్లిషులో ఎంత రాసినా తెలుగువారికి ప్రత్యేకంగా ఎదురయ్యే సంగతులు అందులో దొరకవు. కాంటాక్టుల్లో తల్లి నంబరును అమ్మ అని తెలుగులో దాచుకున్నారనుకుందాం. ఆ మాటలో, కంప్యూటర్లలో అన్ని లిపులకూ వాడే యూనికోడ్ లెక్కన నాలుగు గుర్తులు ఉన్నాయి: అ, మ, పొల్లు, మళ్లీ మ. ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు, మొత్తం పన్నెండు. ఆండ్రాయిడ్ కాంటాక్టుల నుంచి ఫైలుగా ఎగుమతి చేస్తే అది కాంటాక్టుల ఫైళ్లకు వాడే వీకార్డ్ పద్ధతిలో, పాతకాలపు 2.1 రూపంలో వస్తుంది. ఆ రూపంలో ప్రతి బైటునూ ఒక సమానపు గుర్తు, రెండు అక్షరాలుగా విప్పి రాస్తారు. అంటే అమ్మ అనే రెండక్షరాల మాట ముప్పై ఆరు ఇంగ్లిషు గుర్తుల వరుస అవుతుంది. ఆ రాతను విప్పడం తెలియని ప్రోగ్రాములోకి ఎక్కిస్తే అమ్మ కనిపించదు, సమానపు గుర్తుల చెత్త కనిపిస్తుంది. వీకార్డ్ 4.0 వచ్చేసరికి, తెలుగు బైట్లను ఇలా విప్పకుండా నేరుగా రాసే యూటీఎఫ్‌-8 తప్పనిసరి అయింది. తెలుగులో పేర్లు దాచుకునేవారు ఫైళ్ల ఎగుమతి, దిగుమతుల జోలికి పోకుండా కార్డ్‌డావ్ ద్వారానే నడుచుకుంటే ఈ బాధ ఉండదు.

ఫైలు పేర్లదీ ఇదే లెక్క. ఇంటి సర్వర్లలో ఎక్కువగా ఉండే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్. ఫైళ్లు దాచడానికి అందులో మామూలుగా వాడే ఎక్స్ట్4 పద్ధతిలో ఒక ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. ఇంగ్లిషులో అది 255 అక్షరాలు. తెలుగులో 85 గుర్తులు. సంక్రాంతి అన్న మాట చూడటానికి మూడే అక్షరాలు, లోపల తొమ్మిది గుర్తులు, 27 బైట్లు. సింక్ ప్రోగ్రాములు తాత్కాలికంగా ఫైలు పేరుకు ముందూ వెనకా తమ ముక్కలు తగిలిస్తాయి కూడా. ఓ పెద్ద వార్తా శీర్షికను పేరుగా పెట్టి దాచిన పీడీఎఫ్ ఫోనులో బాగానే ఉండి సర్వర్‌కు మాత్రం చేరకపోతే, ముందు అనుమానించాల్సింది పేరు పొడవునే.

ఇంకొకటి ఐత్వం. తెలుగు గుణింతపు గుర్తుల్లో ఈ ఒక్కదాన్నే యూనికోడ్ రెండు రకాలుగా రాయనిస్తుంది: ఒకే గుర్తుగా గాని, ఎత్వానికి కింది ముక్క చేర్చి రెండు గుర్తులుగా గాని. కంటికి రెండూ ఒకటే. హైదరాబాద్ అని ఫోనులో పెట్టిన ఫోల్డర్ పేరు ఒక గుర్తుతో ఉంటుంది. పాత మ్యాక్ కంప్యూటర్ల ఫైలు పద్ధతి దాన్ని రెండు గుర్తులుగా విడదీసి దాచేది. లినక్స్ సర్వర్‌కు పేరంటే బైట్ల వరుస మాత్రమే కాబట్టి, ఫోను నుంచి ఒకటి, మ్యాక్ నుంచి ఒకటి, రెండు హైదరాబాద్ ఫోల్డర్లు పక్కపక్కన వెలుస్తాయి. వైజాగ్‌కూ, శైలజ పెళ్లికీ ఇదే గతి. కర్నూలుకు, తిరుపతికి ఈ సమస్య లేదు. సింక్‌థింగ్ ఈ తేడాను తనంతట సరిచేస్తుంది. అన్ని ప్రోగ్రాములూ ఆ శ్రద్ధ చూపవు.

ఫొటోల్లో వెతకడం గురించి ఒక్క మాట. ఇమిచ్‌లో ఫొటోలోని దృశ్యాన్ని బట్టి వెతికే సదుపాయం ఇంటి సర్వర్ మీదే నడుస్తుంది, ఫొటో బయటికి పోదు. అయితే మొదట దానితో వచ్చే ఏఐ నమూనా ఇంగ్లిషుకు అలవాటు పడినది. ముగ్గు అని తెలుగులో కొట్టి ఏమీ రాలేదని నిరాశపడకుండా, సెట్టింగుల్లో బహుభాషా నమూనాను ఎంచుకుని ఫొటోలన్నిటినీ మళ్లీ చదివించాలి.

ఇంటికి దారి

ఇంటి బయట ఉన్న ఫోను ఇంట్లోని సర్వర్‌ను ఎలా చేరుతుంది? ఇంటర్నెట్‌లో పరికరాలను గుర్తించే ఐపీవీ4 చిరునామాలు మొత్తం దాదాపు 430 కోట్లు. ఆసియా పసిఫిక్ ప్రాంతానికి కొత్తవి పంచే సంస్థ దగ్గర 2011 ఏప్రిల్‌లోనే అవి చివరి వాటాకు వచ్చేశాయి. అందుకే ఇంటర్నెట్ కంపెనీలు ఒకే బహిరంగ చిరునామాను ఎన్నో ఇళ్లకు కలిపి పంచుతాయి. అపార్ట్‌మెంటు మొత్తానికి ఒకే పోస్టు డబ్బా లాంటి ఏర్పాటు ఇది. లోపలివారు ఉత్తరాలు పంపగలరు. బయటివారు ఫలానా ఫ్లాటుకు అని నేరుగా పంపలేరు. రౌటర్ పేజీలో బయటి చిరునామా 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే ఆ ఇల్లు ఈ పంపకంలో ఉన్నట్టే. రౌటర్‌లో పోర్టు తెరవడం, అంటే బయటివారు సర్వర్‌కు చేరే దారి వదలడం మీద ఎన్ని గంటలు కూర్చున్నా ప్రయోజనం ఉండదు.

ఇక్కడ ఎక్కువమంది తప్పుదారి పడతారు. ఎలాగైనా సర్వర్‌ను ఇంటర్నెట్ ముందు నిలబెట్టాలని, డొమైన్ కొని, సొరంగాలు తవ్వుతారు. క్లౌడ్‌ఫ్లేర్ అనే కంపెనీ తన కంప్యూటర్ల మీదుగా ఇంటి సర్వర్‌కు దారి వేసే సొరంగం తేలికగా అమరుతుంది, కానీ గుప్తలిపి విప్పుకునేది క్లౌడ్‌ఫ్లేర్ దగ్గరే కాబట్టి సమాచారం మధ్యలో మరొకరి చేతి మీదుగా వెళుతుంది. పైగా ఉచిత పథకంలో ఒక విడతకు 100 ఎంబీ మించి ఎక్కించనివ్వదు. పెద్ద పెళ్లి వీడియో ఒక్క విడతలో దాటదు. 2020లో లినక్స్ కెర్నెల్‌లోకి చేరిన వైర్‌గార్డ్, దాని మీద కట్టిన టెయిల్‌స్కేల్ ఇంతకంటే మంచి దారులు. చిరునామా పంచుకునే ఇళ్లకు వీటిలో టెయిల్‌స్కేలే నప్పుతుంది. ఫోనుకు, సర్వర్‌కు మధ్య మూసిన గొట్టం ఏర్పడుతుంది, ప్రపంచానికి సర్వర్ కనిపించదు.

అసలు ఇవేవీ లేకుండా గడపవచ్చన్నది ఇంకా మంచి సలహా. ఫోను రోజూ రాత్రి ఇంటికి వస్తుంది. ఇంటి వైఫైలో ఉన్నప్పుడు మాత్రమే సింక్ అయితే చాలు. రోజంతా తీసిన ఫొటోలు రాత్రి పదింటికి చేరితే వచ్చే నష్టం లేదు. బయటికి తెరవని సర్వర్ మీద బయటివారు నేరుగా దాడి చేయలేరు. నలుగురున్న మామూలు కుటుంబానికి సొంత సర్వర్ అంటే ఇంతే కావాలి. మిగతాది కోరిక ఉన్నవారు తర్వాత చేర్చుకోవచ్చు.

పెట్టె గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న బోర్డు సగటున ఐదు వాట్లు తీసుకుంటే నెలకు 3.6 యూనిట్లు. పది వాట్ల చిన్న కంప్యూటరైతే 7.2 యూనిట్లు. మెమరీ కార్డు మీద డేటా పెట్టకూడదు, ఎస్‌ఎస్‌డీ వాడాలి. కరెంటు పోయివచ్చే ఊళ్లలో రౌటర్‌నూ సర్వర్‌నూ కలిపి ఒక చిన్న యూపీఎస్ మీద ఉంచాలి.

ఒకే ఇంట్లో ఉంటే

సర్వర్‌కు చేరింది కదా అని ఊపిరి పీల్చుకునేవారికి రెండు ఘటనలు. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా కేంద్రం ఒకటి మొత్తంగా కాలిపోయింది. బ్యాకప్ వేరే చోట పెట్టుకోని వినియోగదారుల డేటా దానితోపాటే పోయింది. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని దేజాన్‌లో ప్రభుత్వ డేటా కేంద్రంలో మంటలు చెలరేగి, ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్ అనే వ్యవస్థ నాశనమైంది. 858 టెరాబైట్లు. మరెక్కడా రెండో ప్రతి లేదు. నిపుణులు కాపలా కాసే భవనాలకే ఈ గతి పట్టినప్పుడు హాల్లో టీవీ కింద పెట్టిన పెట్టె ఎంత? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్ నగర్ ఇళ్లలో కింది అంతస్తుల్లో ఏ వస్తువూ పొడిగా మిగల్లేదు. నేల మీద పెట్టిన సర్వర్, దాని పక్కనే ఉన్న బ్యాకప్ డిస్కు రెండూ ఒకే నీళ్లలో మునుగుతాయి.

రెండో ప్రతి వేరే కప్పు కింద ఉండాలి. ఈ విషయంలో తెలుగు కుటుంబాలకు ఒక అనుకూలత ఉంది. తల్లిదండ్రులు గుంటూరులో, కొడుకు హైదరాబాద్‌లో, కూతురు డాలస్‌లో ఉండటం ఇవాళ మామూలు సంగతి. ఒకరి సర్వర్ బ్యాకప్‌ను మరొకరి ఇంట్లో ఉంచుకోవచ్చు. రెస్టిక్, బోర్గ్ వంటి బ్యాకప్ ప్రోగ్రాములు బయలుదేరే చోటే తాళం వేసి పంపుతాయి. అన్న ఇంట్లోని డిస్కులో చెల్లెలి ఫొటోలు ఉంటాయి, అన్నకు అవి కనిపించవు.

మొదటి విడతే బరువు. ఒక టెరాబైటును 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్ వేగంతో పంపాలంటే నాలుగున్నర రోజులు పైనే, నిర్విరామంగా పడుతుంది. వంద ఎంబీపీఎస్ ఉన్నా దాదాపు 22 గంటలు. అంతకంటే, సెలవులకు వచ్చిన మనిషి తిరిగి వెళ్లేటప్పుడు చేతిసంచిలో తాళం వేసిన డిస్కు ఒకటి పెట్టి పంపడం సులువు. ఆ తర్వాత రోజుకు రెండు జీబీ కొత్త ఫొటోలున్నా అదే 20 ఎంబీపీఎస్ మీద పావుగంటలోపు చేరిపోతాయి.

డిస్కు వెళ్లేముందు ఒక పాత ఫోను తీసి, దాన్ని ఖాళీ చేసి, సర్వర్ నుంచి కాంటాక్టులు, ఓ ఏడాది ఫొటోలు వెనక్కి తెచ్చి చూడాలి. వెనక్కి తేవడం ఒక్కసారైనా చేసి చూడని బ్యాకప్ ఉన్నట్టా లేనట్టా అన్నది ఎవరూ చెప్పలేరు. ఆ పనిని సర్వర్ పెట్టిన మనిషి కాకుండా ఇంట్లో మరొకరు చేయాలి. సర్వర్ ఎక్కడుంది, దాని పాస్‌వర్డ్ ఏమిటి, బ్యాకప్ తాళం ఏది, రెండో డిస్కు ఎవరింట్లో ఉంది, అది తెరవడానికి ఎవరికి ఫోను చేయాలి అన్న ఐదు సంగతులు కాగితం మీద తెలుగులో రాయాలి. ఆ కాగితం చూసి ఆ మనిషి తనంతట తాను ఆ ఫొటోలు తెరవగలిగాక, దాన్ని బీరువాలో ఇంటి పత్రాల పక్కన పెట్టాలి.